మోటారు సైకిలుకు అదనపు దీపాలు: విద్యుత్తు, వెలుతురు, చట్టం

బీదరు తాలూకాలోని కమఠాణ, దాని చుట్టుప్రక్కల ఊళ్ళలో నివసిస్తూ ప్రతిదినం నగరానికో, కొల్హార్ పారిశ్రామిక ప్రాంతానికో పనికి వెళ్ళివచ్చే తెలుగువారు అనేకులు ఉన్నారు. రెండవ షిఫ్టు ముగించుకొని రాత్రివేళ ఇంటికి చేరేవారికి మోటారు సైకిలే ఆధారం. నగరపు వీథి దీపాలు దాటిన తరువాత వెలుతురు అంతా వాహనానిదే. చెరకు కోతల కాలంలో వెనుక దీపం లేని ట్రాలీలు, ఎడ్లబండ్లు, రోడ్డుకు అడ్డంగా నిలిచిన గేదెలు దగ్గరకు వచ్చేవరకు కనిపించవు. వర్షకాలంలో నీరు నిండిన గుంటకూ తడిసిన రోడ్డుకూ భేదం తెలియదు. చలికాలపు తెల్లవారుజామున ఈ పీఠభూమిపై మంచు పరచుకొన్న రోజులలో పది గజాల అవతల ఏమున్నదో తెలియదు.

ఈ కారణాలచేత చాలామంది తమ బండ్లకు అదనపు దీపాలు బిగించుకొంటున్నారు. దానితోపాటే పెద్ద హారను, ఫోను చార్జరు, దొంగల భయం వలన జీపీఎస్ పరికరం కూడ వచ్చి చేరుతున్నాయి. కోరిక సహేతుకమైనదే. కాని దీపం వెలిగినంత మాత్రాన పని పూర్తి అయినట్లు కాదు. ఆ దీపానికి కావలసిన విద్యుత్తు మీ వాహనం ఇవ్వగలదా? ఆ వెలుతురు ఎదుటివాని కన్నులలో పడకుండ ఉన్నదా? ఆ మార్పును చట్టం అనుమతిస్తుందా? ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం దొరికిన తరువాతనే డబ్బు ఖర్చు పెట్టవలెను. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా, రక్షణకొరకు పెట్టిన దీపమే ప్రమాదానికి కారణమవుతుంది.

ఉన్న దీపాన్ని ముందు సరిచేసుకొనవలెను

మసక వెలుతురుకు చాలాసార్లు కారణం దీపం చిన్నది కావడం కాదు, ఉన్న దీపం పాడై ఉండడం. క్రొత్త దీపం కొనేముందు ఈ క్రింది అంశాలను పరీక్షించండి.

దీపపు అద్దం పసుపు రంగుకు తిరిగినదా, లోపల తేమ పట్టినదా చూడండి. లోపలి మెరుపు పూత పోయి ఉంటే ఎంత మంచి బల్బు వేసినా వెలుతురు ముందుకు పోదు. ఆ డోము మార్చవలసినదే. తరువాత బల్బు హోల్డరును, ఎర్తు తీగ కలిసే చోటును చూడండి. తుప్పు, మసి ఉంటే శుభ్రం చేయించండి. హాలోజన్ బల్బుకు అందే వోల్టేజి పదవ వంతు తగ్గితే దాని వెలుతురు సుమారు 30 శాతం తగ్గుతుంది. అంటే, తుప్పు పట్టిన ఒక్క కనెక్షను వలన దాదాపు మూడవ వంతు వెలుతురు పోతున్నదన్నమాట. దానిని శుభ్రం చేయడానికి అయ్యే ఖర్చు స్వల్పం.

హాలోజన్ బల్బును మార్చునప్పుడు గాజు భాగాన్ని చేతితో తాకకూడదు. చేతి జిడ్డు అంటిన చోట వేడి ఎక్కువై బల్బు త్వరగా పోతుంది. శుభ్రమైన గుడ్డతో పట్టుకొనవలెను. హెల్మెటు అద్దంపై గీతలు ఉంటే ఎదుటి దీపపు వెలుతురు ఆ గీతల వెంట చెదరి రోడ్డు కనిపించదు. రాత్రిపూట నల్లని లేదా రంగు అద్దం వాడనే కూడదు.

వేగమూ ఒక దీపమే

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు సాగుతుంది. అడ్డంకిని చూచి, బ్రేకు నొక్కుటకు ఒకటిన్నర సెకను పడుతుందనుకొందాం. ఆలోగా బండి 25 మీటర్లు ముందుకు పోతుంది. ఆ తరువాత పొడి రోడ్డుపై ఆగుటకు మరొక 28 మీటర్లు కావలెను. మొత్తం 53 మీటర్లు. అదే 40 కిలోమీటర్ల వేగంలో మొత్తం దూరం 29 మీటర్లు మాత్రమే. డిమ్‌లో పెట్టిన సాధారణ ముందు దీపం నల్లని వస్తువును 53 మీటర్ల దూరంలో చూపలేదు. 30 మీటర్లలో ఉన్నదానిని చూపగలదు. కాబట్టి వేగం తగ్గించడం కూడ, ఖర్చు లేకుండ, వెలుతురు పెంచుకొన్నట్లే. తడి రోడ్డుపై ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి.

వాహనం ఇచ్చే విద్యుత్తు ఎంత?

ఇంజను తిరుగుతున్నప్పుడు దానితోపాటు తిరిగే అయస్కాంతం కాయిల్ ప్లేటులో విద్యుత్తును పుట్టిస్తుంది. మెకానిక్కులు ఆర్ఆర్ యూనిట్ అని పిలిచే పరికరం దానిని క్రమపరచి బ్యాటరీకి, దీపాలకు అందిస్తుంది. ఈ ఉత్పత్తికి హద్దు ఉన్నది. తయారీదారుడు తన దీపాలకు, ఇంజను అవసరాలకు సరిపడునట్లు దానిని నిర్ణయించి, కొద్దిపాటి మిగులు మాత్రమే ఉంచుతాడు. బ్యాటరీ విద్యుత్తును పుట్టించదు, దాచి ఉంచుతుంది. అందువలన పెద్ద బ్యాటరీ వేసినంత మాత్రాన పెద్ద దీపాలు వెలిగించవచ్చుననుకోవడం పొరపాటు.

పైగా, 2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో క్రొత్త ద్విచక్రవాహనాలకు ఇంజను నడుస్తున్నంతసేపూ ముందు దీపం దానంతట అదే వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయినది. అంటే ఆ భారం పగలూ రాత్రీ ఉండనే ఉన్నది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల తరువాత వచ్చిన బండ్లలో అధిక భాగానికి పెట్రోలును పంపి కొలిచే పని కూడ విద్యుత్తుపైనే ఆధారపడి ఉన్నది. అట్టి బండిలో బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కిక్కు కొట్టినా ఇంజను అందుకొనకపోవచ్చు.

లెక్క సులభం. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 20 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు రెండు కలిపితే 40 వాట్లు. 12 వోల్టుల వద్ద అది సుమారు 3.3 ఆంపియర్లు. ఇప్పుడు ఒక ఉదాహరణ చూద్దాం. ఒక బండి సాధారణ వేగంలో 120 వాట్లు ఇస్తుందనుకోండి. ముందు దీపానికి 35, వెనుక దీపం, మీటరులకు 10, ఇంజను, పెట్రోలు పంపులకు 40, బ్యాటరీ చార్జింగుకు 15. మొత్తం 100 వాట్లు. మిగిలినవి 20. ఇప్పుడు 40 వాట్ల దీపాలు వెలిగిస్తే లోటు 20 వాట్లు. అంటే బ్యాటరీ నుంచి సుమారు 1.7 ఆంపియర్లు పోతూ ఉంటుంది. 4 ఏహెచ్ బ్యాటరీ కాగితంపై రెండున్నర గంటలలోపే ఖాళీ అవుతుంది. సెల్ఫ్ మాత్రం అంతకు చాలా ముందే పనిచేయదు. అదే బండికి 10 వాట్ల దీపాలు రెండు అయితే లెక్క సరిపోతుంది. మీ బండి అసలు సామర్థ్యాన్ని షోరూము సర్వీసు విభాగంలో అడిగి తెలుసుకోండి.

దీపపు పెట్టెపై వ్రాసిన వాట్లను నమ్మవద్దు. చవక దీపాల పెట్టెలపై అంకెలు పెద్దవిగా ఉంటాయి. లోపలి దీపం అందులో కొంత భాగమే తీసుకొంటుంది. కొన్నింటిలో ఇందుకు విరుద్ధంగా కూడ ఉంటుంది. మల్టీమీటరులోని 10 ఆంపియర్ల అమరికతో నిజంగా తీసుకొనే విద్యుత్తును కొలిపించండి.

బిగించిన తరువాత తుది పరీక్ష ఇది. మల్టీమీటరును బ్యాటరీకి పెట్టండి. ఇంజను ఆపి ఉన్నప్పుడు పూర్తి చార్జి ఉన్న బ్యాటరీ 12.6 నుంచి 12.8 వోల్టుల వరకు చూపవలెను. ఇంజనును మధ్యస్థ వేగంలో ఉంచి, అన్ని దీపాలూ వెలిగించి చూస్తే సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండవలెను. అది 12.8 కంటె తక్కువకు దిగితే మీ బండి ఆ భారాన్ని మోయలేకపోతున్నదని అర్థం. అప్పుడు ఒక దీపాన్ని తీసివేయడమే మార్గం.

తీగలు, ఫ్యూజు, రిలే

ద్విచక్రవాహనాలలో తీగలు కాలిపోవడానికి తరచుగా కారణమయ్యేది దీపం కాదు, దానిని కలిపిన తీరు. ఉన్న తీగ పొరను బ్లేడుతో గీచి, క్రొత్త తీగను చుట్టి, టేపు వేయడం సర్వసాధారణంగా కనిపించే పద్ధతి. ఎండకు ఆ టేపు జిగురు కరుగుతుంది, ఇంజను అదురుకు ముడి వదులవుతుంది, వాన నీరు చేరుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది. అది పెట్రోలు ట్యాంకు క్రిందనే ఉన్న తీగల కట్టలో జరిగితే ఫలితం ఊహించుకొనవచ్చును. బ్యాటరీ చిన్నదైనా, తీగ షార్టు అయిన క్షణంలో పదుల ఆంపియర్ల విద్యుత్తును ఒక్కసారిగా పంపగలదు.

సరియైన పద్ధతి ఇది. అదనపు దీపాలకు బ్యాటరీ నుంచి నేరుగా వేరే తీగ తీసుకొనవలెను. ఆ తీగకు, బ్యాటరీకి సాధ్యమైనంత దగ్గరలో, ఫ్యూజు పెట్టవలెను. ఫ్యూజు కాపాడేది దీపాన్ని కాదు, తీగను. దీపం దగ్గర ఫ్యూజు పెడితే బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న తీగకు రక్షణ ఉండదు. 3.3 ఆంపియర్ల భారానికి 5 ఆంపియర్ల ఫ్యూజు, 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ సరిపోతాయి. ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదంటే ఎక్కడో లోపం ఉన్నది. పెద్ద ఫ్యూజు వేయడం, వెండి కాగితం చుట్టడం, తీగ ముక్క కట్టడం మంటను పిలుచుకొనడమే.

రిలే అనేది చిన్న విద్యుత్తు ఆజ్ఞతో పెద్ద విద్యుత్తును వదిలే తలుపువంటిది. హ్యాండిలుపై ఉన్న చిన్న స్విచ్చు పెద్ద భారాన్ని మోయలేదు. రిలే ఉంటే ఆ స్విచ్చు గుండా ఆంపియరులో అయిదవ వంతుకు మించని విద్యుత్తు మాత్రమే పోతుంది. రిలేపై అంకెలు ఉంటాయి. 30 అన్నచోట ఫ్యూజు దాటి వచ్చిన బ్యాటరీ తీగ, 87 అన్నచోట దీపాలకు పోయే తీగ, 85, 86 అన్న రెండు చోట్ల స్విచ్చు తీగ, ఎర్తు తీగ కలుస్తాయి. స్విచ్చుకు వచ్చే తీగను తాళం త్రిప్పితేనే విద్యుత్తు వచ్చే చోటు నుంచి తీసుకొనవలెను. అప్పుడు దీపం ఆర్పడం మరచినా, తాళం తీసిన వెంటనే ఆరిపోతుంది.

పని ప్రారంభించేముందు బ్యాటరీ నెగెటివ్ తీగను మొదట విప్పవలెను, చివర బిగించవలెను. హ్యాండిలును ఈ కొసనుంచి ఆ కొసకు త్రిప్పినా తీగ లాగబడకుండ కొంత వదులు ఉంచవలెను. సైలెన్సరుకు తీగ తగలరాదు. అతుకులపై వేడికి ముడుచుకొనే గొట్టపు తొడుగు వేయించండి. పాత బండ్లలో ముందు దీపం బ్యాటరీతో సంబంధం లేకుండ కాయిల్ ప్లేటు నుంచే నేరుగా వెలుగుతుంది. ఇంజను వేగాన్ని బట్టి దాని వెలుతురు పెరుగుతూ తరుగుతూ ఉంటే అటువంటి బండి అని గుర్తించవచ్చు. ఆ తీగకు ఎల్‌ఈడీ దీపాలు కలపరాదు.

ఏ దీపం, ఎక్కడ, ఎంత వంపు

అదనపు దీపాలు రెండు రకాలు. మంచు దీపం వెలుతురు వెడల్పుగా, క్రిందుగా పరచుకొంటుంది. దూరదీపం వెలుతురు సన్నగా, దూరంగా పోతుంది. మంచులోనూ జోరు వానలోనూ దూరదీపం పనికిరాదు. నీటి బిందువులు ఆ వెలుతురును తిరిగి మన కన్నులకే కొట్టగా తెల్లని గోడ నిలిచినట్లు అవుతుంది. మంచు దీపాన్ని ముందు దీపం కంటె క్రిందుగా అమర్చుట ఇందుకే.

దూరదీపాలను బండి అప్పర్‌తో కలిపి ఉంచడం అన్నిటికంటె ముఖ్యం. అనగా, బ్రొటనవ్రేలితో డిమ్‌కు మార్చిన క్షణంలోనే అదనపు దీపాలు కూడ ఆరిపోవలెను. వాటికి వేరే స్విచ్చు మాత్రమే ఉంటే, ఎదుట బండి వచ్చినప్పుడు రెండు స్విచ్చులు నొక్కవలసి వస్తుంది. ఎవరూ నొక్కరు. ఎదుటివాడు రెండు సెకన్లు కళ్ళు కనబడక నడిపినా, 50 కిలోమీటర్ల వేగంలో అతడు 28 మీటర్లు గ్రుడ్డిగా పోయినట్లే. ఆ 28 మీటర్లలో అతని ఎదుట ఉన్నది మీరే.

వంపు సరిచూచుటకు సమతలమైన చోట గోడకు 5 మీటర్ల దూరంలో బండి నిలిపి, దానిపై మీరు కూర్చుండవలెను. ముందు దీపపు మధ్యభాగం నేలనుంచి ఎంత ఎత్తున ఉన్నదో గోడపై సుద్దతో గుర్తు పెట్టించండి. డిమ్ వెలుతురు పై అంచు ఆ గుర్తుకు కనీసం 5 సెంటీమీటర్లు క్రిందుగా ఉండవలెను. అదనపు దీపపు అత్యధిక కాంతి కూడ ఆ గుర్తును దాటి పైకి పోరాదు. వెనుక మనిషి కూర్చుంటే బండి వెనుక భాగం క్రుంగి ముందు వెలుతురు పైకి లేస్తుంది. కాబట్టి నిత్యం ఇద్దరు ప్రయాణించేవారు ఇద్దరూ కూర్చునే ఈ పరీక్ష చేయవలెను.

హాలోజన్ బల్బు కొరకు తయారైన డోములో ఎల్‌ఈడీ బల్బు దూర్చడం మరొక సాధారణ పొరపాటు. ఆ డోము వంపు హాలోజన్ తంతువు ఉండే బిందువును బట్టి రూపొందినది. కాంతి పుట్టే చోటు మారితే వెలుతురు చెదరి ఎదుటివాని కళ్ళలో పడుతుంది, రోడ్డుపై మాత్రం తగ్గుతుంది. నడిపేవానికి తెల్లగా కనిపించుటచేత ఎక్కువ వెలుతురు వచ్చినట్లు భ్రమ కలుగుతుంది. 35 వాట్ల చోట 100 వాట్ల బల్బు వేస్తే హోల్డరు కరుగుతుంది, తీగ వేడెక్కుతుంది.

తక్కువ ఖర్చుతో మీరు ఇతరులకు కనిపించే మార్గం కూడ ఒకటి ఉన్నది. వెనుక మడ్‌గార్డుపైన, హెల్మెటు వెనుకవైపున ఎరుపు రంగు రిఫ్లెక్టరు టేపు అంటించండి. దీనికి తీగ అక్కరలేదు, బ్యాటరీ అక్కరలేదు. రాత్రి ప్రమాదాలలో వెనుకనుంచి వచ్చే లారీకి మీరు కనిపించడం, మీకు రోడ్డు కనిపించినంత ముఖ్యం.

ఇతర ఉపకరణాలు

హారను: జంట హారన్లు మ్రోగునప్పుడు 8 నుంచి 10 ఆంపియర్ల వరకు తీసుకొనగలవు. రిలే లేకుండ వాటిని బిగిస్తే హ్యాండిలు స్విచ్చు కాలిపోతుంది. పలు స్వరాలు పలికే హారన్లు, చెవులు చిల్లులు పడే హారన్లు నిషిద్ధం.

ఫోను చార్జరు: 10 వాట్ల యూఎస్‌బీ చార్జరు సుమారు ఒక ఆంపియరు తీసుకొంటుంది. ఇది పెద్ద భారం కాదు. కాని తాళంతో ఆరిపోయేటట్లు కలపవలెను, మూత ఉన్నదానినే ఎంచుకొనవలెను.

జీపీఎస్ పరికరం, అలారం: ఇవి బండి నిలిచి ఉన్నప్పుడు కూడ విద్యుత్తు తీసుకొంటాయి. 30 మిల్లీ ఆంపియర్లు చాలా స్వల్పమనిపిస్తుంది. కాని ఒక దినానికి అది 0.72 ఏహెచ్. పండుగకు ఊరికి పోయి వారం తరువాత తిరిగి వస్తే 4 ఏహెచ్ బ్యాటరీ ఖాళీగా ఉంటుంది. ఎక్కువ దినాలు బండి నిలిపి వెళ్ళేవారు ఆ పరికరపు ఫ్యూజు తీసి వెళ్ళవచ్చును.

ఎల్‌ఈడీ ఇండికేటర్లు: పాత బల్బుల చోట వీటిని వేస్తే ఇండికేటరు అతివేగంగా కొట్టుకొంటుంది. ఎల్‌ఈడీకి తగిన ఫ్లాషరు కూడ మార్చవలసి ఉంటుంది. రంగు కాషాయ పసుపే ఉండవలెను.

ఎలక్ట్రిక్ స్కూటర్లు: వీటి ప్రధాన బ్యాటరీ వోల్టేజి 12 కంటె చాలా ఎక్కువ. దీపాలకు వేరే పరికరం 12 వోల్టులుగా మార్చి ఇస్తుంది. దాని సామర్థ్యం పరిమితం. ఈ బండ్లలో బయటి మెకానిక్కుచేత తీగలు విప్పించరాదు. తయారీదారుడు ఇచ్చే ఉపకరణాలనే సంస్థ సర్వీసు కేంద్రంలో బిగించుకొనవలెను.

చట్టం ఏమి చెప్పుచున్నది?

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం మోటారు సైకిలుకు ముందు ఒకటి లేదా రెండు దీపాలు ఉండి, వాటి తెల్లని వెలుతురు 155 మీటర్ల దూరం నుంచి కనిపించవలెను. 106వ నియమం ఎదుటివారి కళ్ళు చెదరగొట్టే దీపాన్ని నిషేధించినది. దీపానికి 8 మీటర్ల ముందు, బండి కుడి అంచుకు అర మీటరు కుడిగా, నేలకు 1.5 మీటర్ల ఎత్తున కన్ను ఉన్న మనిషికి ఆ వెలుతురు మిరుమిట్లు గొలుపరాదు. మీ మిత్రుని ఆ చోట నిలబెట్టి మీరే ఈ పరీక్ష చేయవచ్చు. 108వ నియమం ప్రకారం ముందువైపు ఎర్రని దీపం చూపరాదు. వెనుకవైపు సాధారణంగా ఎరుపే ఉండవలెను. పోలీసు, అంబులెన్సు వాహనాలను తలపించే నీలి, ఎరుపు మెరుపు దీపాలు కూడదు. 111వ నియమం ప్రకారం రిజిస్టరింగు అధికారి ముందస్తు అనుమతి లేకుండ స్పాట్ లైటు, సెర్చ్ లైటు ముందు బిగించరాదు. 119వ నియమం కర్ణకఠోరమైన హారన్లను నిషేధించినది.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారుడు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఇదే స్పష్టం చేసినది. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోనికి వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. 2024 జూలైలో కర్ణాటక పోలీసులు మిరుమిట్లు గొలిపే ఎల్‌ఈడీ దీపాలపై రాష్ట్రవ్యాప్తంగా ప్రత్యేక తనిఖీలు చేపట్టినారు. దుకాణంలో అమ్ముచున్నారు కాబట్టి బిగించవచ్చుననే వాదన రోడ్డుపై చెల్లదు.

అందువలన మీ బండి తయారీదారుడు అదే మోడలు కొరకు ఆమోదం పొంది అమ్మే మంచు దీపాలు ఉంటే వాటినే ఎంచుకోండి. వెల కొంత ఎక్కువైనా, తీగల కట్ట, రిలే, ఫ్యూజు, స్విచ్చు అన్నీ దానితోనే వస్తాయి. ఏ తీగనూ కోయనక్కరలేదు. సందేహం ఉంటే బిగించక ముందే బీదరు రవాణా కార్యాలయంలో అడగండి. బీమా సంస్థకు కూడ వ్రాతపూర్వకంగా తెలియజేయండి. తెలుపని మార్పు వలన మంట పుట్టినదని తేలితే పరిహారం విషయంలో వివాదం రావచ్చును.

ఇతర రాష్ట్రాల నంబరు ఉన్నవారికి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ నంబరు పలకలతో ఇక్కడ బండి నడిపేవారు ఒక విషయం గుర్తుంచుకొనవలెను. వాహనం వేరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే, చట్టంలోని 47వ సెక్షను ప్రకారం ఇక్కడి క్రొత్త నంబరు తీసుకొనవలెను. బీదరు నంబర్లు కేఏ-38తో మొదలవుతాయి. అందుకు పాత కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకొనవలసి ఉంటుంది. ఇక్కడ బండిని చూపించే సమయంలో అనుమతి లేని దీపాలు, హారన్లు ఉంటే పని ఆగిపోవచ్చు. కాబట్టి రిజిస్ట్రేషను మార్పు ముగిసేవరకు క్రొత్త ఉపకరణాలను వాయిదా వేయుట మేలు.

మెకానిక్కు వద్ద

పని జరుగుచున్నంతసేపు దగ్గర ఉండండి. భాష అడ్డు వస్తే ఈ నాలుగు కన్నడ మాటలు ఉపకరిస్తాయి. తీగ కోయవద్దని చెప్పుటకు ‘వైర్ కత్తరిసబేడి’. ఫ్యూజు వేయమని అడుగుటకు ‘ఫ్యూజ్ హాకి’. వెలుతురు క్రిందికి ఉండవలెనని చెప్పుటకు ‘బెళకు కెళగె ఇరలి’. రసీదు అడుగుటకు ‘బిల్ కొడి’. బండి తీసుకొనేముందు నాలుగు విషయాలు మీ కళ్ళతో చూడండి: ఫ్యూజు బ్యాటరీ ప్రక్కనే ఉన్నదా, తాళం తీయగానే దీపాలు ఆరుతున్నవా, డిమ్‌కు మార్చగానే దూరదీపాలు ఆరుతున్నవా, ఇంజను నడుస్తుండగా వోల్టేజి నిలుస్తున్నదా.

దారిలో కాలిన వాసన వస్తే, తీగల నుంచి పొగ కనిపిస్తే వెంటనే బండిని రోడ్డు ప్రక్కకు తీసి, తాళం ఆపి, దూరంగా నిలబడండి. మంటపై నీరు పోయరాదు. పొడి ఇసుక లేదా మట్టి చల్లవచ్చును. అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108 నంబర్లకు ఫోను చేయండి.

కమఠాణ దారిలో రాత్రి మీకు ఎదురయ్యే బండిపై ఉన్నవాడు కూడ మీవలెనే షిఫ్టు ముగించుకొని, ఇంటిలో ఎదురుచూచేవారి కొరకు త్వరపడుతున్న మనిషి. మీ దీపం మీకు దారి చూపవలెను. అతనికి మీరు వస్తున్నారని తెలుపవలెను. అంతకు మించిన వెలుతురు ఎవరికీ అక్కరలేదు.